రాజమండ్రి నల్లరాయి ఎక్కడిది? నా పాత వీడియోకి ఒక కరెక్షన్

ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నాను.

కొన్ని నెలల కిందట ఒక షార్ట్ వేశాను, గుర్తుందా? "రాజమండ్రిలో ఒకప్పుడు అగ్నిపర్వతం పేలింది, గోదావరి పక్కన కనిపించే నల్లరాయి దాని లావానే" అని చెప్పాను. వెనకాల మంటలు, పేలుడు సౌండు, అన్నీ పెట్టాను. మన ఛానెల్లో బాగా ఆడిన షార్టుల్లో అదొకటి. తర్వాత జియాలజీ చదువుతున్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, రాయి లావాదే, అది కరెక్టే. కానీ ఆ లావా రాజమండ్రిలోనే పుట్టిందని మీకెవరు చెప్పారు?"

నిజం చెప్పాలంటే ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. లావా ఇక్కడుంది కాబట్టి అగ్నిపర్వతం కూడా ఇక్కడే ఉండి ఉంటుందని. సీతమ్మధారలో మా డాబా ఎక్కితే సింహాచలం కొండలు కనిపిస్తాయి. చిన్నప్పుడు స్కూల్లో అగ్నిపర్వతం బొమ్మ గీయమంటే ఆ కొండే గీసి పైన పొగ పెట్టేవాణ్ణి. ఆ కొండలకీ అగ్నిపర్వతాలకీ ఏ సంబంధమూ లేదు. అవి భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయిన ఖోండలైట్ రాళ్లు, సుమారు 100 కోట్ల ఏళ్ల నాటివి. అప్పుడు ఆకారం చూసి మోసపోయాను, ఇప్పుడు రంగు చూసి మోసపోయాను.

ఆ మెసేజ్ తర్వాత చదవడం మొదలుపెట్టాను. చదివితే తెలిసిందేంటంటే, ఈ ఒక్క నల్లరాయి గురించే సుమారు 200 ఏళ్లుగా మాట మారుతూ వచ్చింది. మారిన ప్రతిసారీ, అసలు అగ్నిపర్వతం అంటే ఏంటి అన్న అర్థం కూడా మారింది. ఇవాళ ఆ కథ చెప్తాను.

ముందు ఆ చోటు చూద్దాం

వైజాగ్ నుంచి విజయవాడ వెళ్లే హైవేలో గోదావరి దాటాక, ఏలూరు వైపు వెళ్తుంటే గౌరీపట్నం వస్తుంది. నిర్మలగిరి మేరీమాత క్షేత్రం ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. అక్కడ, పక్కనే ఉన్న దుద్దుకూరు, పంగిడిలో నల్లరాయి క్వారీలు ఉన్నాయి. క్రషర్లు తిరుగుతుంటాయి, కంకర లోడుతో టిప్పర్లు పోతుంటాయి. గోదావరికి ఇవతలి ఒడ్డున, రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులో కూడా ఇదే రాయి. దీన్ని భూగర్భ శాస్త్రవేత్తలు రాజమండ్రి ట్రాప్స్ అంటారు. ట్రాప్ అంటే ఇక్కడ బోను కాదు. మెట్లు అని అర్థం వచ్చే స్వీడిష్ మాట నుంచి వచ్చింది. లావా పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, అంచులు అరిగిపోతే కొండ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, అందుకు.

రాయి అసలు పేరు బసాల్ట్. మహారాష్ట్రలో పశ్చిమ కనుమలు చూసినవాళ్లకి ఇది బాగా తెలుసు. అక్కడ ఇదే రాయి కిలోమీటర్ల మందాన ఉంటుంది. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. మన తెలంగాణలో వికారాబాద్, జహీరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు దాని అంచు తగులుతుంది. ఆ అంచు నుంచి రాజమండ్రి దాకా సుమారు 400 కిలోమీటర్లు. ఆ మధ్యలో ఈ రాయి లేదు. మరి గోదావరి దగ్గర ఈ చిన్న ముక్క ఎలా వచ్చింది?

నీళ్లా, నిప్పా?

ఇప్పుడు 1700ల చివరికి వెళ్దాం. అప్పుడు యూరప్‌లో పెద్ద గొడవ. బసాల్ట్ నీళ్లలో పుట్టిందా, నిప్పులో పుట్టిందా?

జర్మనీలో ఫ్రైబర్గ్ మైనింగ్ అకాడమీలో వెర్నర్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన పాఠం వినడానికి దేశాలు దాటి వచ్చేవారు. బసాల్ట్ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న రాయి అనేవాడు. మరి అగ్నిపర్వతాలు? భూమి లోపల బొగ్గు పొరలు అంటుకుంటే వచ్చే మంటలు, అంతే అనేవాడు. ఇప్పుడు నవ్వొస్తుంది కదా. ఆగండి. ఆయన ఊళ్ల చుట్టూ బసాల్ట్ ఇసుక పొరల మీద చక్కగా అడ్డంగా పరుచుకుని ఉండేది, కనుచూపు మేరలో అగ్నిపర్వతం లేదు. ఇక బొగ్గు లోపల్లోపల కాలడం కట్టుకథా కాదు. జార్ఖండ్‌లోని ఝరియాలో భూమి కింద బొగ్గు వందేళ్లకు పైగా కాలుతూనే ఉంది. కళ్లెదుట ఉన్నదాన్ని బట్టే ఆయన చెప్పాడు.

ఫ్రాన్స్‌లో డెమారే అనే ఆయన ఇంకో పని చేశాడు. 1763లో ఓవెర్న్ అనే ప్రాంతంలో నల్లరాయి ఎక్కడిదాకా పోతుందో చూద్దామని దాని వెంటే నడిచాడు. నడిచీ నడిచీ చల్లారిపోయిన అగ్నిపర్వతాల దగ్గర తేలాడు. స్కాట్లండ్‌లో హటన్, భూమి లోపలి వేడికి కరిగిన రాయే పైకి వస్తుందని వాదించాడు. వ్యతిరేకులు అడిగిన ప్రశ్న కూడా మంచిదే. "కరిగిన రాయి చల్లారితే గాజు అవ్వాలి కదా, ఇది రాయిలా ఎలా ఉంది?" హటన్ స్నేహితుడు జేమ్స్ హాల్ 1798లో బసాల్ట్‌ని కొలిమిలో కరిగించి చూపించాడు. తొందరగా చల్లారిస్తే గాజు. నెమ్మదిగా చల్లారిస్తే మళ్లీ స్ఫటికాలు కట్టిన రాయి. ఆ ప్రశ్న అక్కడితో ముగిసింది.

ఆ గొడవ కొన్నేళ్లలోనే మన దగ్గరికీ వచ్చింది. దేశాన్ని కొలిచే పెద్ద త్రికోణమితి సర్వేలో డాక్టర్‌గా, భూగర్భ శాస్త్రవేత్తగా చేరిన హెన్రీ వోయ్సీ, హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి రాళ్లు చూశాడు. బసాల్ట్ నిప్పు నుంచి పుట్టిందన్న పక్షాన నిలిచాడు. 1824లో చనిపోయాడు. మన దేశ భూగర్భ శాస్త్రానికి ఆద్యుడని ఆయన్ని అంటారు.

నిర్మల్ కొండల్లో నత్తలు

నిప్పు గెలిచింది. సరే. కానీ ఇంకో చిక్కు వచ్చిపడింది. 1837లో మద్రాసు వైద్య విభాగానికి చెందిన మాల్కమ్సన్ అనే డాక్టర్, నిర్మల్ వైపు కొండల్లో దొరికిన శిలాజాల గురించి లండన్‌కి నివేదించాడు. నల్లరాయి పొరకీ పొరకీ మధ్య సన్నటి బురదరాయి. అందులో మంచినీటి నత్తగుల్లలు! కరిగిన రాయి మధ్యలో నత్త ఎలా బతికింది?

మొదట్లో కొందరేమన్నారంటే, ముందు చెరువు ఉంది, తర్వాత లావా దాని అడుగు నుంచి దూరిందని. 1867లో భారత భూగర్భ సర్వేకి చెందిన బ్లాన్‌ఫర్డ్ దీన్ని తిప్పి చదివాడు. లావా వచ్చింది, ఆగింది. చల్లారింది. వానలు పడ్డాయి, గుంటల్లో నీళ్లు నిలిచాయి, నత్తలు చేరాయి. మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసింది.

ఇది ఎలా తెలుస్తుందో చెప్తాను, మీరు క్వారీ గోడ చూసినప్పుడు పనికొస్తుంది. వేడి లావా బురద మీదికి వస్తే బురద పైభాగం ఇటుకలా కాలుతుంది. చల్లారిన లావా మీద బురద పేరుకుంటే బురద అడుగుభాగం కాలదు. అంటే పొరకి ఏ వైపు కాలిందో చూస్తే ఏది ముందో, ఏది వెనకో తెలిసిపోతుంది.

దీంతో అగ్నిపర్వతం అన్న మాటకే అర్థం మారిపోయింది. ఒక్క రోజు పేలి ఆగిపోయేది మాత్రమే కాదు, మధ్యలో చెరువులు ఏర్పడేంత తీరికగా, విడతలు విడతలుగా జరిగేది కూడా. పైగా అన్ని లక్షల చదరపు కిలోమీటర్లలో ఎక్కడా ఒక పెద్ద శంఖాకారపు కొండ లేదు. 1783లో ఐస్‌లాండ్‌లో లాకి దగ్గర భూమి సుమారు 27 కిలోమీటర్ల పొడవున చీలి, ఆ చీలిక నుంచి నెలల తరబడి లావా పారింది. అక్కడ కొండ పేలలేదు, నేల నోరు తెరిచింది. దక్కన్ కూడా అలాగే పగుళ్ల గుండా వచ్చిందని అర్థమైంది. నా షార్ట్‌లో పెట్టిన మంటల కొండ ఉంది చూశారా, అది అక్కడికక్కడే అవుట్.

కాతేరు ఆల్చిప్పలు

ఇప్పుడు మళ్లీ గోదావరికి వద్దాం. కాతేరు, పంగిడి దగ్గర కూడా రెండు లావా పొరల మధ్య శిలాజాలున్న పొర దొరికింది. కానీ ఇక్కడ మంచినీటి నత్తలు మాత్రమే కాదు. ఆల్చిప్పలు, ఉప్పునీటి గుల్లలు కూడా. అంటే ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య ఇక్కడ సముద్రం తగిలే ముఖద్వారం ఉండేది. ఇప్పుడు సముద్రం ఎక్కడో దూరంగా ఉంది.

ఈ చిన్న తేడాకి చాలా విలువుంది. ఎందుకంటే సముద్ర జీవుల శిలాజాలతో ప్రపంచంలో మిగతా చోట్ల పొరలతో వయసు పోల్చొచ్చు. 1930ల్లో దక్కన్ ట్రాప్స్ వయసు మీద పెద్ద చర్చ నడిచింది. డైనోసార్ల కాలానిదా, ఆ తర్వాతదా? లక్నోలో బీర్బల్ సాహ్ని, మొక్కల శిలాజాలు చూసి, ఆ తర్వాతదే అన్నారు. అదే సమయంలో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు రాజమండ్రి పొరల్లోని నాచు శిలాజాల మీద, కంటికి కనిపించనంత చిన్న సముద్రజీవుల మీద పనిచేశారు. వాళ్ల ఆధారాలూ అటే మొగ్గాయి. లేదు, డైనోసార్ల కాలానిదే అన్నవాళ్లూ గట్టిగానే నిలబడ్డారు.

ఎవరు కరెక్టు? జవాబు రావడానికి 70 ఏళ్లు పట్టింది. 2008లో ప్రిన్స్‌టన్‌కి చెందిన గెర్టా కెల్లర్ బృందం మన రాజమండ్రి క్వారీల్లోని ఆ మధ్య పొరలో ఫొరామినిఫెరా అనే ఇసుకరేణువు లాంటి సముద్రజీవుల్ని చూసింది. డైనోసార్లు పోయిన మహా వినాశనం 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట జరిగింది కదా, సరిగ్గా దాని తర్వాత కొత్తగా పుట్టుకొచ్చిన రకాలు అవి. అంటే కింది లావా వినాశనం దాకా వచ్చి ఆగింది. పై లావా ఆ తర్వాతది. ఇద్దరూ గొడవపడింది ఒకే గీతకి అటూ ఇటూ నిలబడి! ఆ తర్వాత కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లోనూ అదే బృందం, మన శాస్త్రవేత్తలతో కలిసి, ఈ క్రమాన్ని చూసింది.

ఒక్కసారి ఆలోచించండి. భూమి చరిత్రలోని అతి పెద్ద వినాశనాల్లో ఒకదాని గుర్తు, గౌరీపట్నం వైపు క్వారీ గోడలో ఒక సన్నటి పొర.

అసలు రాయి ఎందుకు కరుగుతుంది?

ఇంతవరకూ లావా ఎప్పుడు వచ్చింది, ఎలా పరుచుకుంది అన్నాం. ఎందుకు పుట్టింది? చాలాకాలం, భూమి లోపలంతా కరిగిన ద్రవమే, పైన పెంకు పగిలితే కారుతుందని అనుకునేవారు. మనలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటాం. భూకంపాల తరంగాలు ఆ మాట కొట్టేశాయి. ద్రవంలో ప్రయాణించలేని తరంగాలు కొన్నున్నాయి. అవి మన కాళ్ల కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా హాయిగా వెళ్తాయి. అంటే అంత లోతు వరకూ దాదాపు అంతా గట్టి రాయే. ఎర్రగా కాలిపోతున్నా గట్టిగానే ఉంటుంది.

ఎందుకు కరగదు? ప్రెషర్ కుక్కర్ గుర్తు తెచ్చుకోండి. మూత బిగించి ఉన్నంతసేపు లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి తీసేస్తే ఒక్కసారి మరుగుతాయి. రాయి కూడా అంతే. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఆ వేడి రాయి ఏ కారణం చేతైనా పైకి వస్తే, బరువు తగ్గి, కొత్తగా వేడి పెట్టకుండానే కరుగుతుంది.

ఇంకో దారి నీళ్లు. ఐస్ మీద ఉప్పు వేస్తే త్వరగా కరుగుతుంది కదా, అలాగే లోతుల్లోని వేడి రాయికి నీళ్లు తగిలితే తక్కువ వేడికే కరుగుతుంది. 1960ల్లో ఫలకాల సిద్ధాంతం వచ్చాక ఇది అర్థమైంది. వైజాగ్ పోర్టు నుంచి షిప్‌లో పోర్ట్‌బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం వెళ్తారు చూశారా, అక్కడికి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అది. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. అక్కడ మన ఫలకం నీళ్లను మోసుకుంటూ పక్క ఫలకం కిందికి దిగుతోంది, అందుకే ఆ మంట.

కానీ దక్కన్ ఫలకాల అంచున లేదు, మధ్యలో ఉంది. దీనికి 1971లో జేసన్ మోర్గన్ ఒక జవాబు చెప్పాడు. లోతు నుంచి వేడి రాయి స్తంభంలా పైకి వస్తుంది. స్తంభం ఒకచోటే ఉంటుంది, పైన ఫలకం కదిలిపోతుంది. దక్కన్ లావా వచ్చినప్పుడు మన దేశం హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ దీవి ఉన్న వేడి చోటు మీద ఉందట. మనం ఉత్తరానికి వచ్చేశాం. దారి పొడవునా లక్షద్వీప్, మాల్దీవులు, మారిషస్ కింద అగ్నిపర్వతాల వరస మిగిలింది. రీయూనియన్‌లో పితోన్ ద లా ఫూర్నేజ్ ఇప్పటికీ లావా కక్కుతోంది.

ఇక్కడ నాకు భలే అనిపించిన సంగతి. 19వ శతాబ్దంలో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి చాలామంది తెలుగువాళ్లు చెరుకు తోటల్లో కూలికి మారిషస్ వెళ్లారు. వాళ్లని అక్కడ కోరంగివాళ్లు అనేవారు. గోదావరి దగ్గర నల్లరాయి మధ్య నుంచి బయల్దేరి వెళ్లి, అదే వేడి చోటు కట్టిన ఇంకో నల్లరాయి దీవిలో పొలాల నుంచి రాళ్లు ఏరారు. వాళ్లకి ఆ చుట్టరికం తెలిసే అవకాశమే లేదు.

వెయ్యి కిలోమీటర్ల ప్రయాణం

ఇప్పుడు అసలు ప్రశ్న. రాజమండ్రి లావా ఎక్కడ పుట్టింది? చాలాకాలం పాత పుస్తకాల జవాబు, నేను షార్ట్‌లో చెప్పిన దానికి దగ్గరగానే ఉండేది. దక్కన్‌కి 400 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఇక్కడి పగుళ్ల నుంచే వచ్చి ఉంటుందని.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఎర్రర్ కనిపించిన సర్వర్లోనే బగ్ ఉందని రెండేసి రోజులు వెతికేవాణ్ణి. తీరా చూస్తే ఎర్రర్ ఇక్కడ, బగ్ ఎక్కడో. ఇదీ అలాంటిదే.

1994లో అజయ్ బక్షి, ఆయనతో పనిచేసినవాళ్లు ఈ రాయి రసాయన గుణాలనీ వయసునీ పశ్చిమ కనుమల పొరలతో పోల్చి, ఇది అక్కడి లావాయే అయ్యుండొచ్చు, పాత నదీ లోయల వెంట పారి వచ్చి ఉండొచ్చు అన్నారు. తర్వాత ఇంకో సాక్ష్యం కలిసింది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిక్కుని పట్టుకుని ఉండిపోతాయి. ఉత్తరం దక్షిణం తారుమారైన కాలాలు చాలా ఉన్నాయి. రాజమండ్రిలో కింది లావాలో దిక్కు తిరగబడి ఉంది, పై లావాలో ఇప్పటిలా ఉంది. మహాబలేశ్వర్ వైపు పై పొరల్లోనూ ఇదే వరస.

2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం ఇవన్నీ కలిపి, ఇవి 1,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన లావాలని, భూమి మీద మనకు తెలిసినవాటిల్లో అతి పొడవైనవి కావచ్చని రాసింది. అంత దూరం చల్లారకుండా ఎలా? హవాయిలో పారే లావాని చూసి నేర్చుకున్నారు. పాలు కాచి పెడితే మీగడ కడుతుంది, కింద వేడి పోదు. లావా మీద అలా పెంకు కడుతుంది. ఆ పెంకు కింద, ఫ్లాస్కులో కాఫీలాగా వేడి పోకుండా లావా ముందుకు జరుగుతూనే ఉంటుంది. పరిగెత్తక్కర్లేదు. నెమ్మదిగా, ఆగకుండా, ఏళ్ల తరబడి.

అయితే ఆ పరిశోధన పత్రం పేరులోనే ప్రశ్న గుర్తు ఉంది. నాకది బాగా నచ్చింది. నా షార్ట్ టైటిల్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయి. వాళ్ల దాంట్లో ఒక ప్రశ్న గుర్తు.

మరి దేన్ని నమ్మాలి?

కథ ఇక్కడితో అయిపోలేదు. 2019లో ఒకే నెలలో రెండు బృందాలు దక్కన్ లావా వయసుని రెండు పద్ధతుల్లో కొలిచి ప్రచురించాయి. మొత్తం కాలం మీద దాదాపు ఒకటే మాట. కానీ మెక్సికోలో ఉల్క పడకముందు ఎంత లావా వచ్చింది, తర్వాత ఎంత వచ్చింది అన్నదాని మీద కుదరలేదు. లోతు నుంచి వచ్చే వేడి స్తంభాల మీద కూడా వాదనలున్నాయి. రాజమండ్రి రాయి గురించీ తుది తీర్పు అని ఎవరూ ముద్ర వేయలేదు.

"సైన్స్ రోజుకో మాట చెప్తుంది బ్రో, ఎందుకు నమ్మాలి?" అని మన వీడియోల కింద తరచుగా వస్తుంది. ఈ కథలో చూడండి. జవాబు చాలాసార్లు మారింది. కానీ మాల్కమ్సన్ చూపించిన నత్తగుల్లలు తప్పు కాలేదు. నారాయణరావు, శ్రీపాదరావు చూసిన నాచు తప్పు కాలేదు. వెర్నర్ చూసిన అడ్డపొరలు కూడా తప్పు కాదు, వాటి నుంచి ఆయన చెప్పిన కథే తప్పు. తర్వాత వచ్చినవాళ్లు ఆ రాయినే ఇంకో పరికరంతో అడిగారు. నేను మాత్రం రాయిని అడగకుండానే చెప్పేశాను. వాళ్ల తప్పుకీ నా తప్పుకీ తేడా అదే.

ఇంకొక్కటి. ఈ ఎపిసోడ్ కోసం ఆ క్వారీల వైపు వెళ్లాను. రోడ్డు పక్క నుంచి ఫోన్‌లో జూమ్ చేసి గోడ ఫొటో తీస్తుంటే ఒక టిప్పర్ డ్రైవర్ ఆగి అడిగాడు. "ఏం తీస్తున్నారండీ?"

"రాయండీ, ఆ మధ్యలో తెల్లగా పొర ఉంది చూడండి."

"అదా అండీ. అది కంకరకి పనికిరాదండీ. అవతల పారేస్తారు."

ఆయన చెప్పింది కరెక్టే. అది ఆయన రోజూ చూసే మట్టి. నిజానికి క్వారీ తవ్వబట్టే ఆ పొర బయటపడింది, శాస్త్రవేత్తలకి కనిపించింది. అదే క్వారీ దాన్ని తినేస్తోంది కూడా. క్వారీలు మూసేయమని నేను అనను, ఎంతోమంది అన్నం అది. కానీ ఒక్క గోడైనా, పొరలన్నీ వరసగా కనిపించే ఒక్క ముక్కైనా ఉంచేస్తే బాగుంటుంది. రేపు ఎవరో కొత్త పరికరంతో వచ్చి ఇంకో ప్రశ్న అడగాలంటే రాయి ఉండాలి కదా.

పాత షార్ట్ డిలీట్ చేయలేదు. దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేశాను. మీలో గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి, కాతేరు వాళ్లుంటే, మీ ఊళ్లో రెండు నల్ల పొరల మధ్య తెల్ల పొర కనిపించే చోటు తెలిస్తే ఫొటో, ఊరి పేరు, తేదీతో పంపండి. క్వారీ లోపలికి మాత్రం దిగొద్దు, బ్లాస్టింగ్ జరుగుతుంటుంది. రోడ్డు మీద నుంచి తీసినా చాలు. అన్నీ ఒక మ్యాప్ మీద పెడదాం.

ఇందులో ఎక్కడైనా తప్పు చెప్పి ఉంటే మెసేజ్ పెట్టండి. ఈసారి కరెక్షన్‌కి నెలలు పట్టదు. ఉంటాను మరి.